మా ఆయన భుజం మీద అందరి కళ్ళు

మా ఆయన ట్రైన్‌లో ఏ చేత్తో పట్టీ పట్టుకుంటాడన్నది కొన్ని నెలలపాటు నాకు ఆఫీసు పనికన్నా ముఖ్యమైన పని అయిపోయింది. సింగపూర్‌లో మేముండే పుంగ్గోల్‌లో ఎక్కేసరికి కూర్చోవడానికి చోటు ఉండేది. అయినా ఆయన నిలబడేవాడు, అదీ కుడిచెయ్యి పైకెత్తి, నాకు బాగా కనబడేలా. ఆ చూపించడంలోనే నాకు తేడా కొట్టేది. బాగున్న భుజాన్ని ఎవరైనా అలా ప్రదర్శనకు పెడతారా? నేను సెరంగూన్‌లో దిగి వన్-నార్త్ వైపు వెళ్ళే రైలెక్కాలి, ఆయన తంజోంగ్ పగార్ దాకా పోవాలి. దిగాక తలుపులు మూసుకునేలోగా వెనక్కి తిరిగి చూసేదాన్ని, చెయ్యి మారిందేమోనని. ఎప్పుడూ ఎవరో ఒకరు అడ్డొచ్చేవారు.

ఆయన ఫాస్ట్ బౌలర్. ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ చూసుకునే మనిషిని పట్టుకుని ఆ మాటంటే నవ్వొస్తుంది గానీ, ఆదివారాలు ఇక్కడి తెలుగువాళ్ళు ఆడుకునే లీగ్‌లో ఆయన బంతికి నిజంగానే జనం వెనక్కి జరిగేవారు. పోయినేడాది ఒక మ్యాచ్‌లో బంతి విసురుతూనే భుజం పట్టుకుని కూర్చుండిపోయాడు. లోపల కండరం చిరిగిందన్నారు. ఆపరేషన్ అయింది. మళ్ళీ చిరిగితే ఆ చెయ్యి ఇక తలపైకి లేవకపోవచ్చని డాక్టరు నా ఎదుటే చెప్పాడు. ఆ మాట అంటున్నంతసేపూ మా ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ఈ మనిషి మళ్ళీ ఆడతాడని నాకు అప్పుడే అర్థమైంది.

అనుకున్నంతా అయింది. ఒక సాయంత్రం బూట్లు విప్పుతూ, “ఫిజియో ఓకే అంది” అన్నాడు.

“ఏమంది కరెక్టుగా?”

“బౌలింగ్ చేసుకోవచ్చంది.”

“రాసిచ్చిందా?”

“రాసివ్వడానికి అదేమన్నా ఇల్లు రిజిస్ట్రేషనా? నోటితో చెప్పింది.”

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి ఆయన మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు నుంచి ఒక్కడే వెళ్ళేవాడు. నేనూ వస్తానంటే వద్దనేవాడు. దానికి తోడు టీషర్టులు ఉతకబోతే నొప్పి మందు వాసన. అడిగితే పక్క సీటు వాడిదన్నాడు. పక్క సీటు వాడి మందు ఈయన భుజానికెలా అంటిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంతలో సెమీఫైనల్ వచ్చిపడింది, దానితోపాటే ఫాంటసీ గోల. టీవీలో వచ్చే పెద్ద క్రికెట్‌కి ఫాంటసీ ఆడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మావాళ్ళు మా ఆదివారం ఆటకే పెట్టుకున్నారు. రెండు జట్లలోంచి మనకు నచ్చిన పదకొండు మందిని ఏరుకుని, ఒకణ్ణి కెప్టెన్ చేసి, టాస్ పడేలోగా లీగ్ నడిపే అంకుల్ ఫోన్‌కి పంపాలి. మైదానంలో వాళ్ళు కొట్టే పరుగులకీ తీసే వికెట్లకీ మనకు పాయింట్లు, కెప్టెన్‌వి రెట్టింపు. టాస్ అయ్యాక ఎవరెవర్ని పెట్టుకున్నారో అంకుల్ గ్రూపులో బయటపెడతాడు. గెలిచినవాళ్ళకి దక్కేది మిగతావాళ్ళని వారమంతా ఏడిపించే హక్కు. ఇందులో ఒక మర్యాద కూడా స్థిరపడిపోయింది. ఆడేవాడు ఎంత పనికిమాలినవాడైనా తన టీముకి తననే కెప్టెన్‌గా పెట్టుకుంటాడు. ప్రతివారం సున్నాకే అవుటయ్యే మహానుభావుడు కూడా ఆ మర్యాద తప్పడు.

ఆ వారం అందరికీ ఉన్న ప్రశ్న ఒక్కటే, మా ఆయన్ని పెట్టుకోవాలా వద్దా అని. భుజం పనిచేస్తే పాయింట్లే పాయింట్లు, చెయ్యకపోతే మునిగినట్టే. దాని గుట్టు తెలిసింది నాకేనని వాళ్ళ నమ్మకం. లిఫ్టులో తలూపి ఊరుకునే పై అంతస్తు ఆంటీ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని, “మీ ఆయనకి నిద్ర పడతందా అమ్మా? ఏ పక్కకి పడుకుంటన్నాడు?” అని అడిగింది. ఇంకో ఆటగాడి భార్య గోంగూర పచ్చడి తెచ్చి, సోఫాలో కూర్చుని, మా వంటగదంతా కలియజూసింది. “అన్నయ్యా, ఆ పైనున్న పెద్ద కుక్కర్ కాస్త తీసిస్తారా? రేపు మా ఇంట్లో భోజనాలున్నాయి” అంది. ఆయన ఎడంచేత్తో దించాడు. ఆమె కళ్ళూ నా కళ్ళూ ఒక్కసారే కలిశాయి. “ఎందుకులే వదినా, మాదే సరిపోద్దిలే” అని కుక్కర్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ వారం మా ఇంటికొచ్చిన ఏ పచ్చడినీ నేను పచ్చడిలా చూడలేకపోయాను.

శనివారం కూరగాయలు కొనుక్కుని వస్తుంటే ఆయనే కదిపాడు.

“రేపు నీ టీముకి కెప్టెన్ ఎవరు?”

“ఇంకా అనుకోలేదు.”

“నన్ను పెట్టు.”

“ఎందుకు?”

“ఊరికే. పెట్టొచ్చు కదా.”

ఊరికే అడిగే రకం కాదు ఆయన. నాకు ఒళ్ళు మండింది. నేను కెప్టెన్‌గా పెట్టానంటే భుజానికి నేను పూచీ పడ్డట్టే. రేపు ఏదైనా అయితే ‘నువ్వూ నమ్మావు కదా’ అనడానికి ఇప్పట్నుంచే దారి చేసుకుంటున్నాడనుకున్నాను. వంకాయలూ బెండకాయలూ ఉన్న బరువు సంచిని కావాలనే ఆయన కుడిచేతికి తగిలించాను. మారు మాట్లాడకుండా మోసుకొచ్చాడు. అందులోనూ ఏదో కిటుకు ఉందనే అనిపించింది.

ఆదివారం మేం మైదానం చేరేసరికి మబ్బు పట్టింది. టాస్ వెయ్యబోతుండగా పిడుగుల హెచ్చరిక సైరన్ మోగడంతో అందరూ షెడ్డు కిందికి పరిగెత్తారు. టిఫిన్ డబ్బాలు తెరుచుకున్నాయి. నేనింకా టీము పంపలేదు. ఆయన పేరు లేని టీము ఫోన్‌లో సిద్ధంగానే ఉంది గానీ, పంపడానికి వేలు రావడం లేదు. కట్టుకున్న పెళ్ళామే పెట్టుకోలేదని అందరి ముందూ తెలిస్తే ఆయన ముఖం ఎలా ఉంటుందోనని ఆ పేర్లే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. అప్పుడు అంకుల్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

“నీదొక్కటే రావాలమ్మా. ఇంకో సంగతి. మీ ఆయన పంపాడు గానీ, అందులో ఆయన పేరే లేదు. మర్చిపోయుంటాడా? ఒకసారి కనుక్కో, తర్వాత నన్నంటారు.”

మర్చిపోవడమా! దొరికాడనుకున్నాను. ఆయన షెడ్డు చివర ఒక్కడే కూర్చుని కట్టిన లేసులే మళ్ళీ విప్పి కడుతున్నాడు.

“నొప్పి ఉంది కదా?” అన్నాను, కూర్చోకుండానే. “ఉండబట్టే మీ టీములో మీరు లేరు. నన్ను మాత్రం మిమ్మల్ని పెట్టమంటారు.”

“నొప్పి లేదు.”

“ఒట్టు?”

“ఒట్టు. ఫిజియో అన్నదీ నిజమే. కావాలంటే చేసి అడుగు.” తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

“మరి ఆ మందు?”

“నొప్పి లేకపోయినా రాస్తన్నా. రాసుకోకపోతే భయంగా ఉంటంది.” కట్టిన ముడి మళ్ళీ విప్పాడు. “అందరూ బాగయిందనే అంటన్నారు. నాకే నమ్మకం కుదరట్లా. చెయ్యెత్తినప్పుడల్లా ఇప్పుడు పోద్ది, ఇప్పుడు పోద్ది అనిపిస్తంది. నువ్వు రోజూ చూస్తన్నావు కదా, ట్రైన్లో, ఇంట్లో. నాకు తెలియంది నీకేమన్నా తెలిసిందేమోనని... నువ్వు పెడితే బాగున్నట్టే అనుకున్నా.”

లిఫ్టులో ఆంటీలాగా, పచ్చడి తెచ్చినావిడలాగా, ఆయన కూడా నా టీము కోసమే కాచుకుని ఉన్నాడన్నమాట. నేను ఆయన భుజం చూస్తుంటే, ఆయన నా ముఖం చూస్తున్నాడు. అక్కడ ఇన్నాళ్ళూ ఆయనకి కనబడింది నా అనుమానమే. చాలా జాలేసింది. ఈ మాట ముందే చెబితే ఏం పోయిందని కోపమూ వచ్చింది.

ఫోన్ ఆయనకి తిరిగిచ్చేశాను, ఫిజియోకి చెయ్యలేదు. నా టీములో ఒక పేరు కొట్టేసి ఆయన పేరు చేర్చి, ఆయన ఎదురుగానే అంకుల్‌కి పంపాను. ఆయన తొంగి చూశాడు.

“కెప్టెన్ కాదా?”

“అంత సీన్ లేదు. టీములో ఉన్నారు, చాలు.”

గట్టిగా నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆయన అలా నవ్వగా నేను చూడలేదు.

మబ్బు విడిచాక ఆట మొదలైంది. రెండో ఓవర్ ఆయన చేతికిచ్చారు. షెడ్డులో తినేవాళ్ళు తినడం ఆపేశారు. ఆయన పరుగందుకున్నాడు. ఇన్ని నెలలు రెప్ప వెయ్యకుండా కాపలా కాసినదాన్ని, సరిగ్గా ఆ చెయ్యి పైకి లేచే సమయానికి గట్టిగా కళ్ళు మూసుకున్నాను. ఎక్కడ అరుపు వినబడుతుందోనని చెవులు మాత్రం అటే పెట్టాను.

“వైడ్” అంది పక్కనున్న పై అంతస్తు ఆంటీ, నీరసంగా.

కళ్ళు తెరిచాను. ఆయన అంపైర్‌ని చూడటం లేదు, బంతినీ చూడటం లేదు. నావైపే చూస్తున్నాడు, ఎలా ఉందన్నట్టు. నేను చూడనే లేదు. అయినా బాగుందన్నట్టు తలూపాను. ఆయన కూడా తలూపి, మళ్ళీ పరుగెత్తుకు రావడానికి వెనక్కి నడిచాడు.