స్పానర్‌కి ఒక చిల్లు

చెన్నై అంబత్తూరులో మేం చేసే చేతిపంపులు చెడిపోవు. మా షెడ్డు కూలినా, అంబత్తూరే మునిగినా (ఏటా వానల్లో ఎలాగూ మునుగుతుంది) మా పంపు మాత్రం నిటారుగా నిలబడి ఉంటుంది. కొనడానికొచ్చిన వాళ్లందరికీ ఈ మాటే చెబుతాను. సగం మంది నమ్ముతారు.

ఆమధ్య, యుద్ధం ఆగిన ఒక దేశానికి సాయంగా పంపే పంపుల ఆర్డరు మాకొచ్చింది. అంతకుముందు ఎవరో పంపినవాటిని రాత్రికి రాత్రే విప్పి పాత ఇనుముకి అమ్ముకున్నారట. అందుకని ఐదు మూలల నట్టు ఒకటి తయారుచేశాం. మా స్పానర్‌కి తప్ప అది బ్రహ్మకి కూడా లొంగదు. ఆయనకున్నవి నాలుగు తలలే, ఐదో మూల సంగతి ఎలా తెలుస్తుంది?

సరుకు చూసుకోవడానికి ఆ దేశం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. మామూలు స్పానర్లన్నీ ఆ నట్టు మీద ప్రయోగించి, ఓడిపోయి, సంతోషించింది. తర్వాత ఇంగ్లీషులో అడిగింది: "మీ స్పానర్ ఊళ్లో ఎవరి దగ్గరుంటుంది?"

"ఊరి పెద్దకిస్తాం," అన్నాడు షెడ్డు యజమాని, మా ముదలాళి, గర్వంగా.

ఆవిడ స్పానర్‌ని బల్ల మీద పెట్టేసింది. "మా దగ్గర తుపాకీ ఉన్నవాడే ఊరి పెద్ద. పంపు పిడి ఊడదీసి ఇంట్లో పెట్టుకుంటాడు. నీళ్ల కోసం ఆడవాళ్లు వాడి గుమ్మం ముందు నిలబడాలి. స్పానర్ నీళ్లు మోసేవాళ్లకే ఇవ్వండి. లేదంటే ఈ పంపులు నాకొద్దు."

లేత్ మిషన్ కూడా ఊపిరి బిగబట్టింది.

"ఆడోళ్లు దీన్ని తిప్పగలరా?" ముదలాళి నా చెవిలో తెలుగులో గొణిగాడు. ఆ గొణుగుడు మా ఫిట్టరక్క చెవిన పడింది. చూలై నుంచి రోజూ బస్సులో వచ్చే ఈ అక్క ముదలాళిని చిన్నప్పుడు నిక్కర్లలో చూసిన మనిషి.

"ఏం సార్, దినామూ ఈడ నట్లు బిగించేది ఎవురు? మీ నాయన ఫోటోలోంచి దిగొచ్చి బిగిస్తా ఉండాడా?"

ముదలాళి కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. సందు దొరికింది కదా అని నేను నా మేధస్సు బయటపెట్టాను. స్పానర్‌ని అట్లకాడ ఆకారంలో చేద్దాం, వంటింట్లో వేలాడదీస్తే ఏ మగాడూ కనిపెట్టలేడు! పెళ్లయి పాతికేళ్లయినా మా ఇంట్లో అట్లకాడ ఎక్కడుంటుందో నాకే తెలియదు.

"అది చెప్పుకునేదానికి సిగ్గుల్యా తమ్ముడూ?" అంది అక్క.

విషయం ఇంగ్లీషులో చెబితే ఇంజనీరమ్మ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "దాస్తే అది దొంగసొత్తవుతుంది. ఎవరి దగ్గరుందో ఊరంతా చూడాలి. ఒక్కరి దగ్గరే ఉంటే లాక్కుంటారు, ఊరికి నాలుగైదు ఇవ్వండి."

ఆ మాట నేను తెలుగులో చెప్పగానే అక్క కళ్లు మెరిశాయి. "మా అవ్వ బొడ్లో తాళాలగుత్తి దోపుకోని తిరిగేది. ఆ సప్పుడింటే మా తాత బీడీ ఆర్పేసేటోడు. దీనికీ ఒక చిల్లు పెట్టండి సార్, నడుముకి ఏలాడేసుకుంటారు."

ముదలాళి ఇంజనీరమ్మను చూశాడు. అక్కను చూశాడు. గోడ మీదున్న నాయన ఫోటోనీ చూశాడు. ఆ పెద్దాయన కూడా వాళ్ల పక్షమే అనిపించింది కాబోలు, "సరే, ఊరికి ఐదు. చిల్లు పెట్టండి," అన్నాడు.

మొదటి చిల్లు అక్కే వేసింది. ఇంజనీరమ్మ ఆ స్పానర్‌ని తన బెల్టుకి తగిలించుకుని షెడ్డు ఆ చివరిదాకా నడిచింది. వరసగా నిలబెట్టిన పంపులకి తగులుతూ అది అడుగడుక్కీ ఖణేల్‌మంది, గుడి గంటలన్నీ ఒక్కసారి మోగినట్టు. దారిలో ఉన్న ముదలాళి, తనకి తెలియకుండానే, పక్కకి జరిగాడు.

ఆవిడ వెనక్కి తిరిగి, "పంపులు లారీకెక్కించండి," అంది.