ఇషారా నర్సింహ

గడ్డపోతారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో గోడ కనిపించిన చోటల్లా సూచనలు అంటించి ఉంటాయి. మాస్కు పెట్టుకోండి, పరుగెత్తకండి, చేతులు కడుక్కోండి అని మూడు భాషల్లో రాసి, పక్కన బొమ్మలు కూడా వేశారు. పాపం, వాటిని చదివిన మనిషి ఇంతవరకు లేడు. అదే ఫ్యాక్టరీలో ఇషారా అని, అంటే చాటుగా ఇచ్చే సూచన, ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ రాయరు, నోరు తెరిచి చెప్పరు, గట్టిగా అడిగితే అలాంటిదేమీ లేదంటారు. కానీ గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి బాయిలర్ దగ్గర చెమటోడ్చేవాడి దాకా అందరూ దాన్నే తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఈ రెండింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నిఘంటువు తిరగేయనక్కరలేదు, నర్సింహను చూపిస్తే చాలు.

నర్సింహ డ్రయ్యర్ సెక్షన్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి. పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు అతనిది. అది తనదని అతనెన్నడూ అనలేదు. ఎవరైనా తెలియక కూర్చుంటే పక్కన నిలబడి, "గీ పక్క ఎండ కొడ్తలేదా తమ్మీ?" అని ఆప్యాయంగా అడిగేవాడు. మర్నాటి నుంచి సీటు ఖాళీగా ఉండేది.

ఇంట్లో కూడా అదే తంతు. కూరలో ఉప్పు తక్కువైతే, "ఉప్పు పిరమైందా ఏంది, కొంటలేవా?" అనేవాడు. భార్య రాధమ్మ అలాంటి మనిషి కాదు. "ఉప్పు తక్కువైందని సాఫ్ చెప్తే నీ నోట్లకెల్లి ముత్యాలు రాల్తయా?" అని ఉప్పు డబ్బా తెచ్చి ముందర కొట్టేది. ఇషారా విలువ తెలియని మనిషితో కాపురం చేయాల్సి వచ్చిందని నర్సింహ లోలోపల బాధపడేవాడు.

అతని అసలు ప్రతిభంతా మనుషులను పంపించడంలో ఉండేది. ఆ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాళ్లను తీసేశామని ఎవరూ చెప్పరు. అలా చెబితే ఎందుకని అడుగుతారు, యూనియన్ అంటారు, లేబర్ ఆఫీసు అంటారు. అందుకని పాత మేనేజర్ చంద్రకాంత్ సార్ సెక్షన్లో నడుస్తూ నడుస్తూ ఎవరో ఒకరి పేరు గాలిలోకి వదిలేవాడు. నర్సింహ దాన్ని అందుకునేవాడు. ఆ సాయంత్రమే ఆ మనిషిని క్యాంటీన్‌కు తీసుకెళ్లి, తన చేత్తో చాయ్ అందించి, "ఊర్ల బోరు పోస్తుందా?" అని అడిగేవాడు. అంతే. ఊరికి పోయి సేద్యం చూసుకొమ్మని దానర్థం. బోరు పోసినా, ఎండినా, ఆ మనిషి మర్నాడు పనికి వచ్చేవాడు కాదు. గొడవ లేదు, కాగితం లేదు, చాయ్ ఖర్చు ఒక్కటే. రానురాను క్యాంటీన్‌లో నర్సింహ చాయ్‌ని అందరూ విషం చూసినట్టు చూడసాగారు.

ఒక్క గిరిధారి దగ్గరే ఈ విద్య బోల్తా కొట్టింది. అతను ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు. నర్సింహ చాయ్ ఇప్పించి, అదే మాట హిందీలో "గావ్ మే బోర్ మే పానీ ఆతా క్యా?" అని అడిగితే, "బహుత్ ఆతా సాబ్!" అని, బోలెడు నీళ్లొస్తాయని చెప్పి మురిసిపోయి, ఇంకో చాయ్ కూడా తాగి వెళ్లిపోయాడు. మర్నాడు అందరికంటే ముందు పనిలో ఉన్నాడు. నర్సింహ మళ్లీ అడిగాడు, గిరిధారి మళ్లీ మురిసిపోయాడు. ఇప్పటికీ అక్కడే డ్రమ్ములు దొర్లిస్తున్నాడు. ఇషారా అర్థం కానివాడి ఉద్యోగానికి ఢోకా లేదని అందరికీ తెలిసింది గానీ, ఒకసారి అర్థమైన ఇషారాను మరిచిపోవడం ఎవరి తరం?

బక్కమ్మ సంగతి వేరు. ఆమె డ్రమ్ములు కడిగేది. ఒకరోజు చంద్రకాంత్ సార్ అటుగా పోతూ, "బక్కమ్మకు వయసైపోయింది కదా నర్సింహా" అన్నాడు. నర్సింహ చాయ్ ఇప్పించాడు. తీరా అడగబోతే బక్కమ్మకు బోరు కాదు కదా, గుంట భూమి కూడా లేదు. కాసేపు ఆలోచించి, "మీ తమ్ముని బోరు పోస్తుందా?" అని అడిగాడు. ఆమె గ్లాసులో సగం చాయ్ అలాగే పెట్టి లేచింది. అంత కష్టమైన చోట కూడా మాట తడబడనందుకు నర్సింహ ఆ రోజు బస్సులో కునుకు తీస్తూ మురిసిపోయాడు.

చంద్రకాంత్ సార్ బదిలీ అయిపోయి మేనేజర్‌గా స్నిగ్ధ మేడం వచ్చింది. చిన్న వయసు, చకచకా నడక, ఏదైనా మొహం మీదే అడిగే అలవాటు. వచ్చిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆమె నర్సింహను పిలిచి, "రండి నర్సింహగారూ, టీ తాగుదాం" అంది. క్యాంటీన్లో మాటలు ఆగిపోయాయి. ఆమె గ్లాసు అతని ముందుకు జరిపి, "మీవైపు బోర్లలో నీళ్లు పడుతున్నాయా?" అని అడిగింది.

తన వంతు వచ్చిందని నర్సింహకు అర్థమైంది. అతని సొంత బోరు ఎండిపోయి ఏళ్లయింది. పొలంలో తుమ్మ మొలిచింది. ఈ ఉద్యోగం పోతే వెనక్కి వెళ్లడానికి ఏమీ లేదు. అయినా ఇంత చక్కని ఇషారా ఈ పిల్ల ఎక్కడ నేర్చిందా అని ఒక మూల మెచ్చుకున్నాడు కూడా. పరువు నిలుపుకోవాలి కదా! "పడ్తున్నయి మేడం. ఇగ జెర పొలం పని జూసుకోవాలె" అన్నాడు. తన రాజీనామా అలా సమర్పించానని అతని ఉద్దేశం.

"మంచిదే. ఒక వారం సెలవు తీసుకోండి" అంది ఆమె.

మర్నాడు సామాను తెచ్చుకుందామని బస్సెక్కితే కిటికీ పక్క సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారు. పక్కన నిలబడ్డ నర్సింహను చూసినా ఆ మనిషి కదలలేదు. "నీకు ఈడ ఎండ కొడ్తదే అన్నా" అని మాత్రం అన్నాడు. బస్సంతా కిటికీల బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంది.

వారం పాటు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న భర్తను రాధమ్మ నిలదీసింది.

"తీసేసిన్నని ఆమె నోటితోని అన్నదా?"

"నోటితోని అంటరా? ఇషారా ఇచ్చింది."

"నీ ఇషారాల మన్ను బొయ్య! పొయ్యి సీదా అడుగు. నువ్వు అడగకపోతే రేపు బస్సెక్కి నేనొచ్చి అడుగుత."

ఆ బెదిరింపు పనిచేసింది. నర్సింహ మేడం గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. బతుకులో మొదటిసారి ఒక ప్రశ్నను తిప్పకుండా, మడతపెట్టకుండా అడిగాడు. "మేడం, నన్ను తీసేసిండ్రా, లేదా?"

ఆమె తెల్లబోయింది. "ఎవరు చెప్పారు?"

"మీరే అడిగితిరి గదా, బోరు సంగతి."

"అయ్యో! పోతిరెడ్డిపల్లిలో ప్లాటు కొన్నాం నర్సింహగారూ. బోరు వేయిద్దామని అడిగాను, అంతే."

నర్సింహ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఉద్యోగం ఉంది. సంతోషం గొంతు దాకా వచ్చింది. ఇంతలో ఆమె ఏదో గుర్తొచ్చినట్టు, "నాకూ ఒకటి చెప్పండి. మీ సెక్షన్లో మనుషులు అలా ఎందుకు మానేస్తారు? చంద్రకాంత్ సార్‌ను అడిగితే, 'నేను ఎవర్నీ తీసేయమనలేదు, నర్సింహ దగ్గర ఎందుకో ఎవరూ నిలవరు' అన్నారు" అంది.

వచ్చిన సంతోషం వచ్చిన దారినే పోయింది. సార్ అబద్ధమాడి ఉండవచ్చు. పెద్దవాళ్లు ఆడతారు, అందుకే వాళ్లకు ఇషారా అంటే అంత ఇష్టం. లేదా నిజమే చెప్పి ఉండవచ్చు. బక్కమ్మకు వయసైపోయిందన్నది, పాపం ముసలిదని జాలిపడి అన్న మాటేమో. ఎంతమందిని సార్ పంపించాడో, ఎంతమందిని తనే పంపించాడో ఇప్పుడు తేల్చేవాళ్లు ఎవరూ లేరు. నర్సింహకు చాలా సిగ్గేసింది. మేడంకు దండం పెట్టి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం అతను ఇంటి బస్సెక్కకుండా షేర్ ఆటోలో బొల్లారం వెళ్లాడు. చౌరస్తాలో బక్కమ్మ మిర్చీ బండి పెట్టుకుందని విన్నాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. తప్పైందని చెప్పాలి, మళ్లీ పనిలోకి రమ్మనాలి, అంతా సీదాగా.

బండి దొరికింది. నూనె కాగుతోంది. బక్కమ్మ తలెత్తి అతన్ని చూసింది. కూర్చుకున్న మాటలన్నీ ఆటోలోనే ఉండిపోయినట్టున్నాయి. ఏదో ఒకటి అనాలి కనుక నర్సింహ నవ్వు తెచ్చుకుని, "బక్కమ్మా, గిరాకి మంచిగున్నదా?" అని అడిగాడు.

ఆమె చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. మెల్లగా వంగి స్టవ్ ఆపేసింది.

"ఈడికెల్లి గూడ లేవమంటున్రా సారూ?" అంది.

"లేదు బక్కమ్మా! ఉత్తగనే అడిగిన. ఒట్టు. గిరాకి సంగతే అడిగిన!"

ఆమె సరేనన్నట్టు తలూపింది. అలా తలూపుతూనే శనగపిండి గిన్నె మీద మూత పెట్టి, ఉల్లిగడ్డలు సంచిలో వేసుకుని, "జెర నూనె సల్లారనియ్యుండ్రి సారూ, బండి తీసేస్త" అంది.