మాస్టారు అడిగిన మాట

మొన్న గురువారం పొద్దున అవనిగడ్డ నుంచి ఫోను వచ్చింది. మా మాస్టారు పోయారని ఆయన భార్య చెప్పారు. గుండె ఆగిపోయిందట. బందరు రేవులో అప్పటికే తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశారు. దారిలో బస్సులు ఆపేస్తారేమోనన్న భయంతోనే మా అక్కా నేనూ బయల్దేరాం.

ఆయన బళ్లో తెలుగు చెప్పేవారు. రిటైరయ్యాక నాటకాలు ఆడించారు. మీలో ఎవరైనా ఆ నాటకాలు చూసి ఉంటే, వేదిక మీద ఆయన ఎంత తక్కువ మాట్లాడేవారో గుర్తుండే ఉంటుంది. "డైలాగు గొంతుతో కాదురా, చెవితో చెప్పాలి. ఎదుటివాడి మాట విన్నాకే నోరు తెరువు" అనేవారు.

ఆయన రాసిన ఒక నాటకంలో తండ్రి వేషం ఆయనది, కొడుకు వేషం నాది. చాన్నాళ్లుగా ముభావంగా ఉన్న కొడుకు ఒక సాయంత్రం ఉన్నట్టుండి నెమ్మదిస్తాడు. తండ్రితో కలిసి అన్నం తింటాడు, తన చేతి గడియారం తీసి ఆయనకిచ్చేస్తాడు. వీడు కుదుటపడ్డాడని తండ్రి సంతోషిస్తాడు. తెల్లారేసరికి కొడుకు ప్రాణం తీసుకుని ఉంటాడు. గడియారం అందుకునే చోట మాస్టారి చేతులు ప్రతిసారీ చల్లబడేవి. పాత్రలో అంతగా లీనమైపోతారనుకునేవాణ్ణి.

ఆ నాటకం ఆడుతున్న ఏడాదే నా భార్య నన్ను వదిలి వెళ్లిపోయింది. ఉద్యోగమూ పోయింది. నాటకంలో కొడుకు మాటలు నావైపోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. గుడివాడ నాటక పోటీకి వారం ముందు, రిహార్సల్ అయ్యాక, నా దగ్గరున్న నాటకం ప్రతి ఆయన చేతిలో పెట్టి, ఇక ఇది మీ దగ్గరే ఉంచండని నవ్వాను.

ఆయన నవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

అంత తిన్నగా నన్నెవరూ అడగలేదు. అవునన్నాను, జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, నీతులు చెప్పలేదు. విన్నారు. ఆఖర్న తన సంగతి చెప్పారు. ఆయనకి ఒక్కడే కొడుకట. నాటకంలో జరిగిందంతా ఆ ఇంట్లో జరిగిందే.

"మా వాణ్ణి అడగలేదురా. అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందని భయపడ్డాను."

నన్ను తన ఇంటికి తీసుకెళ్లి, అక్కకి కబురు చేశారు. మర్నాడు బందరులో డాక్టరు దగ్గరికి బస్సులో నా పక్కనే కూర్చుని వచ్చారు. నెలల తరబడి అలాగే వచ్చారు. దారిలో పెద్దగా మాట్లాడేవారు కాదు. వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పోసేవారు.

గుడివాడ పోటీకి మేం వెళ్లలేదు. ఆ నాటకం మళ్లీ ఆడనూ లేదు. ఎందుకండీ అని ఒకసారి అడిగాను.

"ఆ తండ్రికి అడగడం రాదురా. అలా రాసేశాను" అన్నారు.

మాస్టారి దహనం కృష్ణ ఒడ్డున జరిగింది. గాలి ముదిరి, పొగ పైకి లేవలేక నీళ్ల మీద పాకింది. వాన పడేలోపు ఇల్లు చేరాలని అందరూ గబగబా కరకట్ట ఎక్కారు. ఒకతను మాత్రం ఉండిపోయాడు. నలభై ఏళ్లుంటాయి. ఎవరో ఎవరికీ తెలియలేదు. కదలకుండా నీళ్లకేసి చూస్తున్నాడు.

ఆటోలోంచి అక్క పిలిచింది. వెళ్లమని చెయ్యి ఊపి, నేను కట్ట దిగి అతని వైపు నడిచాను.