ఓడిన పిల్ల నోటి మాట

సున్నంతో గీసిన గీతల మీద నీళ్ళు పడితే ఒక వాసన వస్తుంది. ఈ రోజు ధర్మవరంలో మా కాలేజీ గ్రౌండులో ఆడపిల్లల పరుగు పోటీలప్పుడు అది ముక్కుకు తగిలింది. ఇన్నేళ్ళుగా ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్నా ఆ వాసనకు నాకు భయమే వేస్తుంది. వెంటనే పద్మావతి మేడం గుర్తుకొస్తారు.

ఆమె హిందూపురంలో అంగడి పెట్టుకున్న ఇంటి మనిషి. నేను చదివిన కాలేజీలో ఆటలు నేర్పేవారు. విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీలన్నిటి ఆడపిల్లల పరుగుల రికార్డు రాసే పనీ ఆమెదే. అంత పిరికి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఉరుమంటే భయం, రోడ్డు దాటాలంటే భయం. పరుగు మొదలుపెట్టే తుపాకి పేలితే పిల్లలకంటే ముందు ఆమే ఉలిక్కిపడేవారు. వెనక మేమంతా నవ్వుకునేవాళ్ళం. అయితే పాత రికార్డుల్లో కొన్ని పేర్లను బ్లేడుతో గీకి వేరే పేర్లు రాసి ఉండడం చూశాక, ఆమె తనకు తానుగా ఒక పద్ధతి పెట్టుకున్నారు. రెండో స్థానంలో వచ్చిన పిల్ల, తనను ఎవరు గెలిచారో అందరి ముందు నోటితో చెప్పాలి. అప్పుడే గెలిచిన పిల్ల పేరు రాసేవారు. "ఓడినోళ్ళు ఒప్పుకున్న మాటను రేపు ఎవురూ గీకలేరు" అనేవారు.

ఆ ఏడు పోటీలు పెనుకొండలో. ఎనిమిది వందల మీటర్లలో తాడిమర్రి లక్ష్మీదేవి నాకంటే ముందు గీత దాటింది. నేను ఇంకా రొప్పుతుండగానే మా పెదనాయన జీపు దిగి మేడం బల్ల దగ్గరికి వచ్చాడు. నాయన పోయాక నన్ను చదివిస్తున్నది ఆయనే. ఊళ్ళో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

"ఏమ్మా, మొదటి పేరు మా పాపది రాయి. పీఈటీ ట్రైనింగు సీటుకు ఆ కాగితం కావల్ల. రెండడుగుల తేడా ఎవురికి కనపడింటాది?"

మేడం తలెత్తలేదు. "నాదేముంది సార్. రెండో పిల్ల చెప్తే రాస్తా. పాపనే అడగండి."

పెదనాయన నా వైపు తిరిగాడు. "చెప్పు పాపా. రాత్రికి తినేది యాడనో గుర్తుపెట్టుకొని చెప్పు."

చదువు ఆగిపోతుందని తెలుసు. పులి నోట్లో నా తల పెట్టించారని మేడం మీద కోపం కూడా వచ్చింది. అయినా "లక్ష్మీదేవే ముందు, పెదనాయనా" అన్నాను. ఆయన జీపెక్కి, నన్ను అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మేడం ఆ పేరు రాసి, పెన్ను మూసి, నాతోపాటు మా ఊరి బస్సెక్కారు. ఒక్కదాన్నే పంపితే తనకు నిద్ర పట్టదన్నారు. దారిలో అడిగాను, "మీకు భయం కాలేదా మేడం?" అని. ఆమె తన చెయ్యి నా చేతిలో పెట్టారు. చల్లగా, చెమటతో తడిసి ఉంది.

"భయం పోయినాక చేద్దామంటే ఏ పనీ కాదు పాపా. అది ఉంటాది, ఉండనీ."

మా ఇంటి వసారాలో పెదనాయనకు ఎదురుగా కూర్చుని ఆమె మజ్జిగ తాగుతుంటే గ్లాసు పళ్ళకు తగిలి చప్పుడైంది. ఆఖరి బస్సు వేళ వరకు లేవలేదు. పెదనాయన నా మీద చెయ్యెత్తలేదు, చదువు మాన్పించలేదు. తాను చనిపోయేదాకా నాతో మాట్లాడనూ లేదు. ఎందుకు చదివించాడో అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు నా బల్ల ముందు ముదిగుబ్బ వైపు పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు, వెనక ఇద్దరు మనుషులు. ఆయన కూతురు రెండో స్థానంలో వచ్చింది. మొదటి పేరు ఆ పిల్లది రాయమంటున్నాడు. మెల్లగానే అంటున్నాడు. ఆ పిల్ల సున్నం అంటిన తన కాళ్ళను చూసుకుంటోంది. భయం ఉంది, ఉండనీ అనుకుని పెన్ను మూత తీశాను.

"ఎవరు ముందు వచ్చినారో నువ్వే చెప్పు పాపా" అన్నాను.

ఆ పిల్ల తండ్రిని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"చెప్పు. చెప్పినాక మీ ఊరి బస్సుకు నేనూ వస్తా."