కోటలో చెల్లని బాస్కెట్

బంతి నా చేతిని విడిచాకే నేను ఎదుటి ఆటగాణ్ణి గుద్దుకున్నాను, అతను కింద పడ్డాడు. బంతి బాస్కెట్‌లో పడింది. అయినా గూడూరు దగ్గరి కోట అనే ఆ ఊరి రిఫరీ నా మీద ఫౌల్ రాసి, ఆ రెండు పాయింట్లూ కొట్టేశాడు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

అరవైల మొదట్లో మాట ఇది. ఆ ఆట గెలిచి వస్తే ఉద్యోగం ఇస్తానని గుంటూరులో మిల్లు మేనేజరు నాకు మాట ఇచ్చాడు. ఆ ఉద్యోగం రాలేదు. ముప్పయ్యేళ్లు అదే మిల్లు గేటు బయట బస్తాలు మోశాను. బడి మొహం చూడకపోయినా, నిఘంటువు పక్కన పెట్టుకుని రూల్సు పుస్తకం నేర్చుకున్నవాణ్ణి నేను. మా వైపు పోటీల్లో బంతి ముందు చేయి దాటితే, తర్వాత ఎవర్ని గుద్దుకున్నా బాస్కెట్ చెల్లుతుంది.

ఆట అయిన మర్నాడు గూడూరు బస్సులో ఆ రిఫరీయే నా పక్కన కూర్చున్నాడు. వృత్తికి దర్జీ, పేరు మస్తాన్. పుస్తకం తెరిచి ఆయన ఒళ్లో పెట్టాను.

"నేనూ చదివినాలే అన్నా," అన్నాడు. "ఈడ ఆడేవోళ్లంతా కూలికి పొయ్యేవోళ్లు. నువ్వు పడేసినోడు ఇయ్యాల కోతకు పొయ్యుండాడు. చెయ్యిరిగుంటే ఇంటిల్లిపాదీ పస్తే గదా. అందుకే మనిషిని పడేసి వేసిన బాస్కెట్ మేం లెక్కబెట్టం."

"నా బతుకు పోయిందయ్యా! ఆ ముక్క ఆటకు ముందే చెప్పొచ్చుగా?" అని అరిచాను. బస్సంతా మా వైపు తిరిగింది.

ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

"మనిషిని పడదొయ్యొద్దని గూడా చెప్పాల్నా అన్నా?"