మిద్దె మీద పారే నీళ్లు

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ మరుపు రాదు. డోన్‌లో బంధువుల పెళ్లి చూసుకుని నేనూ నాయనా వేంపల్లెకు తిరిగొచ్చి, పెళ్లిబట్టలతోనే మిద్దె ఎక్కాం. తొట్టి నిండా జిలేబి చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలేసి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. 

బోర్లు ఎండి చేను వదిలేసిన మా నాయన, ఏండ్ల తరవాత మళ్లీ ఆకుకూర పండించింది ఆ మిద్దె మీదే. చేపల తొట్టిలో నీళ్లు మోటారుతో కంకర నింపిన మడుల్లోకి పోతాయి. చేపల మలమే పాలకూరకూ చుక్కకూరకూ ఎరువు. కంకరలో తేటపడిన నీళ్లు మళ్లీ తొట్టిలోకే ధారగా పడతాయి. ఆ ధార ఆగితే చేపలకు ఊపిరి ఆడదు. "ఇది గూడా పోతే ఇంక సేద్యం మాటెత్తను" అన్నాడాయన, మొదలుపెట్టిన రోజే. మొండి మనిషి, అన్నాడంటే అన్నట్టే.

కరెంటు ఉంది, మోటారు ఆగి ఉంది. స్విచ్చి కింద వంటింటి పక్కన. మోకాళ్ల నొప్పులని పెళ్లికి రాని అమ్మ ఒక్కతే ఇంట్లో ఉండింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, మోటరు కట్టేసినావా?" అని పైనుంచే అరిచాను.

"నిన్న మీరు పోతానే కట్టేసినా. పైన మనుషులు లేంది నీళ్లు ఊరికే కారుతాంటే ఎట్ల చూస్తాండేది? మీరొచ్చి మల్లా ఏసుకుంటారులే అనుకున్యా" అంటూ మెట్లు ఎక్కి వచ్చింది.

మా అమ్మ అంతే. చెయ్యి కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, బియ్యం కడిగినవి ఎనుము కుడితికి. పక్కింటి కొళాయి కారుతున్నా పోయి కట్టేసి వస్తుంది. అదంతా తెలిసీ నోరు ఊరుకోలేదు.

"నీ పొదుపు పాడుగాను, నాయన నోట్లో మన్ను కొడితివి గదా!"

అమ్మ తొట్టిలోకి చూసి అక్కడే చతికిలబడింది. నాయన కోపం ఊరందరికీ ఎరుకే. ఏం చేస్తాడోనని నేను అడ్డం నిలబడ్డాను. ఆయన వల తీసుకుని చచ్చిన చేపలను బకెట్లోకి ఎత్తుతున్నాడు.

"మీయమ్మను ఏమీ అనాకు. తొట్టి కడిగి మల్లా చేపలు ఏస్తాలే" అన్నాడు. ఇంకో చేపను బకెట్లో వేసి, "పెండ్లయిన కొత్తల్లో బిందెడు నీళ్లు ఒలకబోసిందని కొట్టినా. ఆ పొద్దునుంచి నీళ్లు పారితే దానికి భయం" అన్నాడు.

 మా నాయన అమ్మను కొట్టాడని ఈ వయసుకు వింటున్నాను. అబద్ధమని చెప్పమన్నట్టు అమ్మ వైపు చూశాను. ఆమె వలలోంచి కారిన నీళ్లను కొంగుతో ఒత్తి, చుక్క వదలకుండా చుక్కకూర మడిలోకి పిండుతూ ఉంది.