ప్రసంగానికి మార్కులేసే వంటవాడు

నేను నాలుగో తరగతి మధ్యలో బడి నుంచి లేచి వచ్చేశాను. ఎందుకని అడిగినవాళ్ళకు ఇప్పటికీ ఒకటే చెబుతాను: ఎక్కం పన్నెండు దగ్గర ఆగిపోయింది, అయ్యవారి బెత్తం మాత్రం ఆగలేదు. అలాంటి నేను పదకొండేళ్ళ పాటు తత్వశాస్త్రం, దైవశాస్త్రం, లాటిన్ చదివిన మనుషులకు పరీక్షలు పెట్టి పాస్, ఫెయిల్ చేశాను. నమ్మకపోతే మా వైపు ఏ విచారణకైనా, అంటే ఫాదర్ ఉండే ఏ చర్చి ఊరికైనా, పోయి, అక్కడి ఫాదర్ ముందు గురువారం సాయంత్రం అనే మాట ఎత్తి చూడండి. ఆయన ముఖం చూస్తే చాలు, నన్ను అడగక్కర్లేదు.

తొంభైల చివర్లో నేను ఆ గురువిద్యాలయంలో వంటకు కుదిరాను. అంటే కాథలిక్ ఫాదర్లను తయారుచేసే బడి. గుత్తి రోడ్డు దిగి లోపలికి రెండు మైళ్ళు పోతే, బండలూ తుమ్మచెట్లూ తప్ప ఇంకేమీ లేని చోట కట్టారు. దేవుడు పిలిస్తే వినబడాలంటే చుట్టూ చప్పుడు ఉండకూడదని అక్కడ కట్టారట. చప్పుడు సరే, నీళ్ళు కూడా లేవు. మూడు బోర్లు వేస్తే మూడింటిలోనూ దుమ్మే వచ్చింది. చదువుకునేవాళ్ళను బ్రదర్లు అనేవాళ్ళం. ఇరవైమందికి పైనే ఉండేవాళ్ళు, అందరికీ ఆకలి ఒకే రకం.

వాళ్ళందరి మీదా రెక్టర్ ఫాదర్. కృష్ణా జిల్లా వైపు మనిషి. రోములో ఆరేళ్ళు చదివి వచ్చాడు. పెద్ద పెద్ద విచారణలు ఇస్తామన్నా వద్దని, ఫాదర్లను తయారుచేయడమే నా పని అని ఈ బండల మధ్యకు వచ్చి కూర్చున్నాడు. ఆయన గంటతో బతికేవాడు. లేవడానికి గంట, ప్రార్థనకు గంట, తినడానికి గంట, మాటలు ఆపడానికి గంట. నవ్వడానికి గంట లేదు కాబట్టి ఎవరూ నవ్వేవారు కాదు. రేపు మేత్రాణుల, అంటే బిషప్పుల, పక్కన కూర్చుని భోంచేయాల్సి వస్తుందని, బ్రదర్లకు అరటిపండును చాకుతో కోసుకు తినడం నేర్పాడు. ఒకసారి రాగిసంగటి కూడా చెంచాతోనే తినమన్నాడు. సంగటి చెంచాను పట్టుకుంది, వదల్లేదు. ఆ పూట గెలిచింది సంగటే.

అయినా చెడ్డవాడు అనను. ఒక బ్రదర్‌కు టైఫాయిడ్ వస్తే తొమ్మిది రోజులు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తడిగుడ్డ ఆయనే వేశాడు. ఆ కుర్రాడు జ్వరంలో లాటిన్ ప్రార్థన కలవరిస్తే మాత్రం ఉచ్చారణ దిద్దేవాడు.

ఇక నా ఉద్యోగం సంగతి. గురువారం నాలుగున్నరకు భోజనాల హాల్లో బల్లలు పక్కకు జరిపి, ఒక బ్రదర్ నిలబడి ప్రసంగం చెప్పాలి. ఎనిమిది నిమిషాలు. రెక్టర్ ఫాదర్ చేతిగడియారం విప్పి ముందు పెట్టుకుంటాడు. వినడానికి ఒక బెంచీ మీద ఇద్దరం: నేను, పాలు పోసే ఆమె. ఆమె పక్క ఊర్లో పెద్ద కులం వాళ్ళ ఇంటి కోడలు. ముప్పై ఎకరాల చేను ఉన్నా వాన లేక శెనక్కాయ ఎండిపోతుంటే, నాలుగు బర్రెలు పెట్టుకుని నెట్టుకొస్తోంది. ఆమెకు ఏసుప్రభువుతో ఏ గొడవా లేదు, ఏ పరిచయమూ లేదు. ప్రసంగం వింటే ఒక గ్లాసు టీ ఇస్తారు, అందుకని కూర్చునేది.

ప్రసంగం అయిపోయాక రెక్టర్ ఫాదర్ మమ్మల్ని అడుగుతాడు: "ఏం చెప్పాడు?" మేము మా మాటల్లో చెప్పాలి. చెప్పగలిగితే బ్రదర్ పాస్. చెప్పలేకపోతే ఫెయిల్, త్వరలోనే ఇంకో గురువారం మళ్ళీ నిలబడాలి. ఏడాదిలో మూడుసార్లు ఫెయిలైతే, ఇతనికి దైవపిలుపు లేదని మేత్రాణులకు ఉత్తరం పోతుంది, బ్రదర్ పెట్టె సర్దుకుంటాడు.

మొదటి రోజే నేను భయపడి, "సామీ, నాకేం తెల్సు? నేను నాలుగు దాటలేదు" అన్నాను.

"ప్రభువు జాలరులతో మాట్లాడితే వాళ్ళకు అర్థమైందయ్యా. మావాళ్ళు చెప్పింది నీకు అర్థం కాకపోతే తప్పు నీది కాదు, చెప్పినవాడిది" అన్నాడు.

ఈ మాట మా నాలుగో తరగతి అయ్యవారికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

అధికారం వస్తే మనిషి చెడిపోతాడంటారు. నేను చెడిపోవడానికి ఒక్క వారం కూడా పట్టలేదు. బుధవారం సాయంత్రం వచ్చేసరికి వంటింట్లో ఉల్లిపాయలు తరగడానికి బ్రదర్ల మధ్య పోటీ. "అన్నా, ఎల్లిపాయలు ఒలిచేదా?" "అన్నా, కట్టెలు కొట్టేదా?" నేను కూడా ఊరికే తీసుకునే రకం కాదు. గురువారం నాడు వాళ్ళు చెప్పని కథలు కూడా వాళ్ళ నోట్లో పెట్టి ఒప్పజెప్పేవాణ్ణి. నా జవాబు విని రెక్టర్ ఫాదర్ మురిసిపోయేవాడు. తాను అంత మంచి ముక్క చెప్పానా అని ఆ బ్రదర్ కూడా నోరు తెరిచి వినేవాడు.

ఒక్కడికి మాత్రం నా సాయం సరిపోయేది కాదు. కుందుర్పి వైపు నుంచి వచ్చిన బ్రదర్. అమ్మానాయనలు కూలీలు. వంటింట్లో ఉన్నాడంటే మేము కడుపు పట్టుకోవాల్సిందే. ట్యాంకరు డ్రైవరు ఎలా తిడతాడో, సర్పంచి ఎలా దండం పెడతాడో, రెక్టర్ ఫాదర్ గడియారం ఎలా విప్పుతాడో అంతా చేసి చూపేవాడు. అదే మనిషి హాల్లో నిలబడితే చాలు, "ప్రియ సహోదరీ సహోదరులారా" దగ్గర బండి ఆగిపోయేది. ఆ ఏడాది అప్పటికే రెండుసార్లు ఫెయిలయ్యాడు. నేను కూడా ఏమీ చేయలేకపోయాను. వాడు నోరే తెరవకపోతే నేను ఏం చెప్పాడని చెప్పను?

మూడోసారికి ముందురోజు ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అందులో ఉల్లిపాయ వాటా ఎంతో నాకు తెలియదు.

"పంపించేస్తే ఊర్లో మొగం యాడ పెట్టుకోవాలన్నా? మా నాయన్ను ఇప్పటికే అందరూ సామోళ్ళ నాయన అంటాండారు. రేప్పొద్దున ఏమని పిలుస్తారు?"

"ఏమైనా నాలుగు ముక్కలు చెప్పు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాను.

మరునాడు హాల్లో అద్భుతం జరిగింది. యూదులు చేతి నీళ్ళు కూడా ముట్టని సమారియ జాతి స్త్రీ బావి దగ్గరికి రావడం, ప్రభువు ఆమెను నీళ్ళడగడం, అదీ ఆనాటి సువిశేషం, అంటే ప్రసంగానికి ఇచ్చిన బైబిలు కథ. మా బ్రదర్ ఎక్కడా తడబడలేదు. "దాహము త్రివిధము. శారీరక దాహము, మానసిక దాహము, ఆత్మసంబంధమైన దాహము. అందు మొదటిది మరల ద్వివిధము" అంటూ కొళాయి తిప్పినట్టు పోసేశాడు. పాలామె రెండో దాహం దగ్గర నిద్రపోయింది. నేను పైకప్పు రేకుల బోల్టులు లెక్కపెట్టాను. రెక్టర్ ఫాదర్ రెండుసార్లు ఆవలించి, కాగితం మీద ఏదో గీసి, కింద గట్టిగా గీత పెట్టాడు. సరిగ్గా ఎనిమిది నిమిషాలకు ప్రసంగం ఆగింది.

"ఏం చెప్పాడమ్మా?"

పాలామె ఉలిక్కిపడి లేచింది. "దప్పికనో ఏమో అన్నట్లుండె సామీ. నాకు గూడా అయింది. టీ ఇప్పిస్తారా?"

"నువ్వు చెప్పవయ్యా."

నేను గొంతు సవరించుకున్నాను. "ఒకామె నీళ్ళకు పోయింది సామీ. ప్రభువు ఆమెను నీళ్ళడిగినాడు. ఎంత పెద్దోడైనా దప్పికైతే చెయ్యి చాపాల్సిందే, సిగ్గు పడకూడదు అని బ్రదరు చెప్పినాడు."

రెక్టర్ ఫాదర్ కనుబొమలు పైకి లేచాయి. "అలా అన్నాడా?"

"అన్నాడు సామీ. మీరు గడియారం చూసుకుంటాంటిరి."

ఇంక పెన్ను పాస్ అని రాస్తుందనే అనుకున్నాను. అంతలో బ్రదర్ అన్నాడు: "అన్న అబద్ధం చెప్తాండాడు ఫాదర్. నేను అట్ల చెప్పలేదు."

ఉల్లిపాయలు తరిగిన విశ్వాసమైనా లేదు మనిషికి! నిజం చెప్పడానికి వేరే రోజే దొరకలేదు.

"నాకు తెలుసు," అన్నాడు రెక్టర్ ఫాదర్, కాగితం ఎత్తి చూపుతూ. "ఇంత పసలేని ప్రసంగం నేను ఈ హాల్లో ఇంతవరకూ వినలేదు. ఎవరు రాసిచ్చారు నీకు ఈ చెత్త?"

బ్రదర్ నేల చూశాడు. "మీదే ఫాదర్."

"ఏమిటీ?"

"లైబ్రరీలో మీ నోటుబుక్కుంది గదా ఫాదర్, అందులోది. పోయినేడు ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో మీరు ఇదే చెప్పినారు. మీదైతే ఫెయిలు కాదనుకొంటి."

రెక్టర్ ఫాదర్ మొహం మా కారప్పొడి రంగుకు తిరిగింది. "దొంగతనం కూడానా?" అన్నాడు, ఇంకేమీ దొరక్క.

"దొంగిలించేటోడు మంచిది చూసి దొంగిలించాల గదా సామీ," అంది పాలామె. ఆమె బ్రదర్‌ను మందలించాననే అనుకుంది, పాపం.

ఆయన గడియారం బల్ల మీదే వదిలేసి గదిలోకి పోయాడు. ఆ రాత్రి అన్నానికి గంట మోగలేదు. గంట లేకుండా తినొచ్చో లేదో తెలియక ఇరవైమంది గంటసేపు కంచాల ముందు కూర్చున్నారు. అన్నం చల్లారిపోయింది. అంత బాగా తయారుచేశాడు వాళ్ళను.

మూడు రోజులు ఆయన ఉప్పు తక్కువైనా మాట్లాడలేదు, ఎక్కువైనా మాట్లాడలేదు. సోమవారం పొద్దున పదిగంటలకు వంటింట్లోకి వచ్చాడు. నేను ఊరిబిండి పచ్చడికి శెనక్కాయ విత్తనాలు వేయిస్తున్నాను. అన్నేళ్ళలో ఆయన ఆ గడప దాటడం అదే మొదలు. బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు.

"నిజం చెప్పు. ఆదివారాలు నేను చెప్పినవాటిలో నీకు ఏదైనా గుర్తుందా?"

ఉద్యోగం గురించి ఆలోచించాను. ఇంట్లో ఉన్నవాళ్ళ గురించి ఆలోచించాను. అయినా నా నోటికి బ్రేకులు ఎప్పుడు పడ్డాయి గనక?

"ఒకటి గుర్తుండాది సామీ."

"ఏది?" అన్నాడు, ఆశగా.

"మైకు కాలిపోయిన దినం. పక్కింటోళ్ళతో మాటల్లేకుండా ఉన్నోళ్ళు పోయి మాట్లాడండి అని ఒక్క మాట చెప్పి దిగిపోతిరి. నేను పోయి మా చిన్నాయనతో మాట్లాడినా, ఆరేండ్ల తర్వాత."

ఆయన బాణలిలోకి తొంగి చూశాడు. "ఇక్కడ చదివిన ప్రతివాడూ ఆ నోటుబుక్కు కాపీ చేసుకునే పోయాడయ్యా. పద్దెనిమిదేళ్ళు."

"అట్లనా! విడపనకల్లులో పెండ్లికి పోయినా, గుత్తిలో పండగకు పోయినా నాకు ఒకే తావున కునుకు పడతాండె. ఇప్పుడు తెలిసె సామీ కారణం."

కోప్పడతాడనుకున్నాను. వేడి బాణలిలో చెయ్యి పెట్టి, కాల్చుకుని, నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. "ఉత్తరం రాసేశాను. సంతకం కూడా అయింది. పిలుపు లేదని."

"పిలుపు లేనిది ఎవరికనేది ఇంగా తేలలేదు గదా సామీ?"

ఆయన లేచి, ఇంకో గుప్పెడు గింజలు జేబులో పోసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం బ్రదర్‌కు కబురు వచ్చింది: గురువారం మళ్ళీ అదే సువిశేషం. కాగితం లేదు, పుస్తకం లేదు. ఇదే ఆఖరు.

గురువారం బ్రదర్ నిలబడ్డాడు. ప్రియ సహోదరీ సహోదరులారా అనలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కు కట్టుకున్నాడు.

"ప్రభువు బావికాడ కూచోనున్నప్పుడు మిట్టమధ్యాన్నం. ఆ ఎండలో నీళ్ళకు ఎవరొస్తారు? ఇది చదివినప్పుడల్లా నాకు మాయమ్మే వస్తాంది అనిపిస్తాది. మా ఊర్లో బావి పెద్దోళ్ళ చేన్లో ఉండె. పొద్దున వాళ్ళు చేదుకొని పోతారు. వాళ్ళదంతా అయినంక మధ్యాన్నం మాయమ్మ బిందెత్తుకొని పోతాండె. మేము చేద ముట్టగూడదు. ఎవరన్నా వచ్చి చేది పోస్తే పట్టుకోవాల. ఎవరొస్తారా అని నేను దావ చూస్తా నిలబడతాంటి. ప్రభువు ఆమెనే నీళ్ళడిగినాడు. ఆమె కడవలో నీళ్ళు. నాకు తెల్సింది అంతే ఫాదర్."

కూర్చున్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు. రెక్టర్ ఫాదర్ నన్ను అడగలేదు. నా సాక్ష్యం చెల్లని రోజులు అవి.

"ఏం చెప్పాడమ్మా?"

పాలామె కొంగు సర్దుకుంది. ఆ రోజు నిద్రపోలేదు. "వాళ్ళమ్మ మధ్యాన్నం నీళ్ళకు పోతాండెనంట సామీ."

"మధ్యాహ్నమే ఎందుకు?"

"పొద్దున మేముంటాము గదా ఆడ."

రెక్టర్ ఫాదర్ రాయబోయి, పెన్ను మూత పెట్టేశాడు. "మేత్రాణుల వారికి ఆ ఉత్తరం పంపను. వెళ్ళి చదువుకో," అన్నాడు బ్రదర్‌తో. మళ్ళీ ఆగి, "ముగింపు మాత్రం బాగాలేదు" అన్నాడు. రోములో ఆరేళ్ళు చదివిన మనిషి, ఏదో ఒకటి దిద్దకపోతే నిద్ర పట్టదు.

పాలామె టీ తాగకుండానే లేచింది. గుమ్మం దగ్గర బ్రదర్ ఎదురైతే ఆగింది.

"మీయమ్మ ఉండాదా?"

"ఉండాదమ్మా."

"ఇప్పుడు గూడా మధ్యాన్నమే పోతాదా నీళ్ళకు?"

"ఆ బావి ఎండిపోయి నాలుగేండ్లాయ. ట్యాంకరొస్తాది. మీవాళ్ళు, మావాళ్ళు అందరూ ఒకే తూరి బిందెలెత్తుకొని కొట్లాడుకుంటారు. మాయమ్మే ముందుంటాది."

"గట్టిదే," అంది పాలామె. ఖాళీ క్యాను చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.